పడక సీటూ, కండ్లాయన చెయ్యీ

నలభై రెండేళ్లు రాయి కొట్టి, చేతులు వణకడం మొదలయ్యాక ఉలి దించాను. ఆళ్లగడ్డలో ఇప్పుడు టీ బంకు ముందు బెంచీయే నా ఆఫీసు. పక్క షెడ్లలో పనిచేసే కుర్ర శిల్పులు టీకి వచ్చి నన్ను చుట్టుముడతారు. రాయి ఎట్లా ఎంచాలి, కొలత ఎక్కడ తప్పుతుంది అని అడుగుతారేమోనని ఆశపడతాను. వాళ్లు అడిగేది ఒకటే: "పెద్దాయనా, బిజినెస్ క్లాసులో సీటు నిజంగానే మంచమైతాదా?"

అవుతుంది నాయనా, అవుతుంది. ఇన్నాళ్లూ ఆ మంచం గురించే చెప్పి మీ చేత టీ ఇప్పించుకున్నాను. అది సగం కథ. మిగతా సగంలో నేను అంత గొప్పగా కనిపించను కాబట్టి దాచుకున్నాను. పళ్లు ఊడే వయసులో దాచుకుని ఏం చేసుకుంటాను? వినండి.

చాగలమర్రి పోయే రోడ్డు పక్కనున్న మా శిల్పశాల ఇద్దరిది. నేనూ, నాకంటే రెండేళ్లు పెద్దవాడైన ఇంకొకాయనా ఒకే గురువు దగ్గర పని నేర్చుకుని, రేకుల షెడ్డు వేసుకుని మొదలుపెట్టాం. ఒళ్లు, నగలు, చీర కుచ్చిళ్లు నా పని. ముఖం ఆయనది. ముఖంలోనూ కళ్లు ఆయన తప్ప ఎవరూ ముట్టరు. అందుకే ఊళ్లో అందరూ ఆయన్ని కండ్లాయన అనేవారు. నేను మాటకారిని కాబట్టి బోర్డు మీద నా పేరెక్కింది. ఇంగ్లీషు నాలుగు ముక్కలు వచ్చు కాబట్టి ఆ పేరు ముందు 'ప్రధాన శిల్పి' అని కూడా చేరింది. కండ్లాయనకు బోర్డులు చదివే అలవాటు లేదు.

మిషన్లతో ముఖాలు దించే మీకు ఒక సంగతి చెప్పాలి. విగ్రహమంతా షెడ్డులోనే పూర్తి చేసినా కంట్లో నల్లగుడ్డు గీత మాత్రం వదిలేస్తాం. విగ్రహం గుడికి చేరాక, ముహూర్తం చూసి, తెర కట్టి, ఆ తెర వెనక శిల్పి ఆ గీత పెడతాడు. అప్పటిదాకా అది రాయి. ఆ తర్వాత చేతులు జోడించాల్సిందే. అరగంట కూడా పట్టని పని. కానీ నువ్వుగింజంత పక్కకు జరిగిందంటే ఆరు నెలల కష్టం బూడిదలో పోసినట్టే. రాతి మీద గీసిన గీతను చెరిపే రబ్బరు ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

నాలుగేళ్లు కావస్తోంది. నంద్యాలలో నూనె మిల్లూ బట్టల కొట్టూ ఉన్న ఒక శెట్టిగారు ఐదడుగుల అమ్మవారిని చేయించారు. ఆస్ట్రేలియాలో తెలుగువాళ్లు కట్టుకున్న గుడికి ఆయన విరాళం అది. విగ్రహాన్ని చెక్కపెట్టెలో వరిగడ్డి మధ్య పడుకోబెట్టి ఓడ ఎక్కించాం. ఆ దేశంలో పరాయి గడ్డిపోచ అడుగుపెట్టకూడదట. రేవులో పట్టుకుని పెట్టె మొత్తానికి పురుగుల మందు పొగ పెట్టారు. అట్లా అమ్మవారికి అక్కడ మొదటి ధూపం సర్కారువాళ్లే వేశారు.

అమ్మవారు చేరిన కబురు తెచ్చిన రోజు శెట్టిగారు కారు దిగుతూనే నా భుజం చరిచారు.

"ఏం ఆచారీ, సంచి సర్దుకో. బిజినెస్ క్లాసు టికెట్ పంపినారు నీకు."

"ఇద్దరికీనా శెట్టిగారూ?"

"ఇద్దరికీ యాడ పంపుతారప్పా? ప్రధాన శిల్పికి బిజినెస్సు. సహాయకునికి మామూలు సీటు. వీసా కాయితాల్లో అట్లే రాసినారు. మార్చల్లంటే మల్ల మొదట్నుంచీ తిరగాల."

కండ్లాయన అక్కడే కూర్చుని ఉలి నూరుతున్నాడు. సహాయకుడు అన్న మాట విన్నాడు. తల ఎత్తలేదు. నూరడం ఆపలేదు. అప్పుడే నేను చెప్పి ఉండాలి, శెట్టిగారూ, కళ్లు పెట్టే చెయ్యి ఆయనది, మంచం ఇస్తే ఆ చేతికి ఇయ్యండి అని. నోరు తెరిచాను కూడా. అందులోంచి బయటికొచ్చిన మాట: "సీటు మంచమైతాదంట గదా, నిజమేనా?"

ఇక్కడ ఆ చేతి గురించి చెప్పాలి. ఏళ్ల తరబడి గ్రైండరు పట్టినవాళ్లకు వచ్చే తిమ్మిరి జబ్బు ఆయన కుడిచేతికి పట్టుకుని అప్పటికి రెండేళ్లు. కాసేపు ముడుచుకుని కూర్చున్నా, చల్లగాలి తగిలినా బొటనవేలూ పక్కన రెండు వేళ్లూ మొద్దుబారేవి. చెయ్యి చాపుకుని పడుకుని లేస్తే, వేడినీళ్లలో పెడితే తిరిగి వచ్చేవి. బయటికి తెలిస్తే పని రాదని ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో కూడా. నాకొక్కడికే చెప్పాడు.

వారం తిరగకముందే నంద్యాల బస్టాండు ఎదురుగా ఫ్లెక్సీ లేచింది. శెట్టిగారి బొమ్మ నిలువెత్తు. దాని పక్కన నా బొమ్మ, నా నెత్తి మీద విమానం. 'బిజినెస్ క్లాసులో ఆస్ట్రేలియా పయనమవుతున్న మన ప్రధాన శిల్పికి శుభాకాంక్షలు' అని అక్షరాలు. అమ్మవారు ఒక మూల తపాలా బిళ్లంత ఉంది. కండ్లాయన ఏ మూలా లేడు. నేను ఆ ఫ్లెక్సీ చూడటానికే రెండుసార్లు నంద్యాల పోయొచ్చాను. మా ఇంటామె మాత్రం, "శ్రీశైలం ఘాటులో బస్సెక్కితే కక్కుకునే మనిషి. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతాందంట," అని దీవించి పంపింది.

బెంగళూరు విమానాశ్రయంలో ఇద్దరం ఒకే ఆటోలో వచ్చిన చుట్టాల్లాగా లోపలికి పోయాం. పది నిమిషాల్లో మమ్మల్ని విడదీశారు. నా టికెట్ చూసినవాళ్లంతా నడుం వంచి దండం పెడుతూ ఒక అద్దాల గది చూపించారు. బిజినెస్ క్లాసువాళ్లు విమానం వచ్చేదాకా అందులో కూర్చుని ఎంత కావాలంటే అంత తినొచ్చట. కండ్లాయన టికెట్ చూసి గుమ్మంలోని అమ్మాయి నవ్వుతూనే అడ్డం నిలబడింది.

"నువ్వు పోప్పా," అన్నాడు ఆయన. "నాతావ జొన్నరొట్టెలుండాయి. పప్పులపొడి గుడా కట్టిచ్చినారు."

నేను లోపలికి పోయి, పెళ్లికి పిలవని చుట్టంలా మొహమాటంగా మొదలుపెట్టి, పెళ్లికొడుకు మేనమామలా ముగించాను. అద్దంలోంచి చూస్తే ఆయన స్టీలు కుర్చీలో కూర్చుని, రొట్టె ఎడంచేత్తో తింటున్నాడు. కుడిచెయ్యి తువ్వాలులో చుట్టి చంకలో పెట్టుకున్నాడు. అప్పటికే ఏసీ చలి. నేను చూపు తిప్పుకుని ఇంకో గులాబ్‌జామ్ వేసుకున్నాను.

విమానంలో సంగతి మీరంతా నోరు తెరుచుకుని వినే సంగతి కాబట్టి అది కూడా చెప్పేస్తాను. కూర్చోగానే గాజుగ్లాసులో పళ్లరసం. తర్వాత ఆవిర్లు కక్కే తువ్వాలు, పటకారుతో పట్టుకొచ్చి ఇచ్చారు. అది ఎందుకో తెలియక పక్కాయన్ని చూశాను. ఆయన చేతులు తుడుచుకుంటున్నాడు. నేనూ చేతులు తుడుచుకుని, ఇంత మంచి వేడి వృథా అవుతుందే అని మెడ, చంకలు కూడా తుడుచుకున్నాను. తర్వాత ఒక సంచి. అందులో మేజోళ్లు, పళ్లపొడి, దువ్వెన, కళ్లకు కట్టుకునే నల్లగుడ్డ. కళ్లు తెరిపించడానికి పోతున్నవాడికి కళ్లు మూసుకోవడానికి గుడ్డ ఇచ్చారన్న మాట. ఆ చమత్కారం నాకు అప్పుడు తోచలేదు, సంచి తిరిగి ఇచ్చెయ్యాలా అన్న దిగులులో ఉన్నాను.

రాత్రి వేసుకోవడానికి బూడిద రంగు పైజామా, చొక్కా కూడా ఇచ్చారు. మరుగుదొడ్లోకి పోయి మార్చుకుని వచ్చేసరికి చుట్టూ అందరూ అదే వేషం. కోటీశ్వరులందరూ కలిసి పెద్దాసుపత్రి వార్డులో చేరినట్టుంది. తెల్లటి గుడ్డ పరిచి భోజనం పెట్టారు. నేను మజ్జిగ అడిగితే ఆ అమ్మాయి ఎంతో బాధపడుతూ పెరుగూ, నీళ్లూ విడివిడిగా తెచ్చిచ్చింది. సీటు చేతి మీద మీటలున్నాయి. ఒకటి నొక్కితే కాళ్లు లేచాయి. ఇంకొకటి నొక్కితే సీటు లోపల ఎవరో నా నడుం గుద్దడం మొదలుపెట్టారు. అది ఆపబోయి మూడోది నొక్కితే సీటు నన్ను మోసుకుంటూ ముందుకు జారి, అంగుళం అంగుళంగా మంచమైంది. ఆ అమ్మాయి నవ్వాపుకుంటూ వచ్చి పరుపు పరిచి, దుప్పటి కప్పింది. మా అమ్మ పోయాక నాకు దుప్పటి కప్పినవాళ్లు లేరు. నిజం చెబుతున్నాను, కళ్లలో నీళ్లు తిరిగాయి.

మూడు గంటలు హాయిగా నిద్రపోయాను. మెలకువ వచ్చింది. ముందు గుర్తొచ్చింది మరునాటి ముహూర్తం. విమానం పొద్దున దిగుతుంది, మధ్యాహ్నం పన్నెండుంబావుకు కళ్లు తెరిపించాలి. వెంటనే ఆ చెయ్యి గుర్తొచ్చింది. లేచి, పైజామాతోనే, తెరలు దాటుకుంటూ వెనక్కి నడిచాను. నడిచిన కొద్దీ సీట్లు ఇరుకవుతున్నాయి, మనుషులు ముడుచుకుపోతున్నారు. మరుగుదొడ్డి ముందు వరుసలో, ఇద్దరు భారీ మనుషుల మధ్య సీట్లో ఉన్నాడు కండ్లాయన. నిద్రపోలేదు. కుడిచెయ్యి మోచేతిదాకా తువ్వాలులో చుట్టి నిటారుగా పైకి ఎత్తి పట్టుకుని ఉన్నాడు, బళ్లో సందేహం అడిగే పిల్లవాడిలాగా. కిందికి దించితే పక్కవాళ్ల భుజాల కింద నలుగుతోందట.

"ఏందన్నా ఇది?" అన్నాను.

"రక్తం ఆడల్ల గదప్పా. నిద్దర పోతే మొద్దుబారి పోతాది. అందుకే మేలుకున్నా."

"రా, సీటు మార్చుకుందాం. నువ్వు ముందరికి పో."

ఆయన నా పైజామా పైనుంచి కిందిదాకా చూశాడు. "వద్దులే. నీకు నడుం నొప్పి. ఆయమ్మలు ఒప్పుకుంటారో లేదో. పోయి పండుకో."

"నిజంగానే వద్దా?"

"వద్దంటి గదప్పా."

వెనక్కొచ్చి పడుకున్నాను. ఆయన వద్దన్నాడు కాబట్టి వచ్చేశానని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. అది కాదు. ఆయన వద్దంటాడని తెలిసే అడిగాను. ఎవరినైనా నిజంగా లేపాలనుకున్నవాడు చెయ్యి పట్టుకుని లేపుతాడు, రెండుసార్లు అడిగి దుప్పటి కిందికి పోడు. ఆ నల్లగుడ్డ కళ్లకు కట్టుకున్నాను. నిద్ర పట్టింది కూడా.

విమానం గంట ఆలస్యంగా దిగింది. నేను ఆ సంచిలోని దువ్వెనతో తల దువ్వుకుని, కొత్త పెళ్లికొడుకులా దిగాను. ఆయన కాళ్లు వాచి చెప్పులు పట్టక, చేత్తో పట్టుకుని దిగాడు. గుడి చేరేసరికి పదకొండున్నర దాటింది. పూర్వం అదొక గోడౌను. బయట పందిరి, లోపల జనం. గుడి కమిటీ అధ్యక్షుడు పట్టుపంచె మీద తోలు బెల్టు బిగించుకుని ఎదురొచ్చి నన్ను కావలించుకున్నాడు. కండ్లాయన చేతికి నా సంచి ఇచ్చాడు.

వారం ముందే వచ్చి ఉన్న శెట్టిగారు ఏర్పాట్లన్నీ చూపించారు. అమ్మవారి చూపు మొదట అద్దం మీద, తర్వాత ఆవూదూడా మీద పడాలి కదా. గోడౌనులోకి ఆవును తేవడానికి అక్కడి మునిసిపాలిటీ ఒప్పుకోలేదట. అందుకని పెద్ద టీవీ పెట్టి అందులో ఆవూదూడా గడ్డి మేస్తున్న వీడియో సిద్ధంగా ఉంచారు. దానికి పసుపు కుంకుమ కూడా పెట్టారు.

తెర వెనక మేమిద్దరమే. దీపం, ఎత్తుపీట, నల్లరాతి అమ్మవారు. గుడ్డు గీత లేని ఆ కళ్లు తెల్లవారకముందు ఆకాశంలా ఉన్నాయి. ఆరు నెలలు ఆ ముఖం మీద కూర్చున్నది ఆయనే. పీట ఎక్కి, తువ్వాలు విప్పి, సన్న ఉలి పట్టుకున్నాడు. అది వేళ్లలోంచి జారి గచ్చు మీద ఖంగుమని పడింది. నలభై ఏళ్లలో ఆయన చేతిలోంచి ఉలి పడగా నేను వినలేదు.

"చెయ్యి ఇంగా రాలేదప్పా," అన్నాడు మెల్లగా. "వేడినీల్లు తెప్పీ. నా చెయ్యి సంగతి చెప్పేసి, ఇంగొంచెం యాల ఇయ్యమను. సాయంత్రం ఆరింటికి ఇంగొగ లగ్నముందని ఇందాక గుడి అయ్యవారు అంటాండె. అప్పటికి వచ్చేస్తాది."

తెర పక్కకు తీసి బయటికొచ్చాను. అధ్యక్షుడూ, శెట్టిగారూ, ఫోన్లు ఎత్తి పట్టుకున్న జనం.

"కొంచెం టైము కావాల," అన్నాను. "సాయంత్రం లగ్నానికి పెట్టుకుందామా అని."

"ఎందుకండీ? మీకేమైనా ఇబ్బందా?" అన్నాడు అధ్యక్షుడు. "మీరు చాలా ఫ్రెష్‌గా కనిపిస్తున్నారే."

"మంచమిచ్చి పండబెట్టి తెచ్చినాం గదా ఆచారీ," అని శెట్టిగారు నవ్వారు. "ఇంగేం కావాల?"

ఇదీ నాయనలారా, ఆ రోజు. చెప్పాల్సింది ఒక్క మాట. కళ్లు పెట్టేది నేను కాదు, ఆయన, ఆయన చెయ్యి మొద్దుబారింది, మీరిచ్చిన సీటు వల్లే. అంతే. చెబితే వాళ్లు ఆగేవాళ్లు. సాయంత్రం ముహూర్తం ఉందని అయ్యవారే అన్నాడు, భోజనాలు ఎట్లాగూ అయ్యేవి. కానీ ఆ మాట చెబితే ఫ్లెక్సీ మీది ప్రధాన శిల్పి ఎవరు? మంచం మీద పడుకున్నది ఎవరు? అందరూ నా వైపే చూస్తున్నారు. నేను నవ్వి, "ఏం లేదు, ఊరికే అడిగినా," అని తెర వెనక్కి వచ్చేశాను.

"ఏమన్నారు?" అన్నాడు కండ్లాయన.

"ఇయ్యరంటన్నా."

"నా చెయ్యి సంగతి చెప్పినావా?"

"చెప్పినా," అన్నాను, తెర అంచు సర్దుతూ.

ఆయన నా ముఖంలోకి చూశాడు. తర్వాత పీట దిగాడు. "అట్లయితే నువ్వే పెట్టు."

నేను కన్ను పెట్టి పాతికేళ్లు. పడుకుని లేచిన చెయ్యి, ఒక్క వణుకు లేదు. కానీ చేతికి నిద్ర చాలితే పని వచ్చేస్తుందా? మొదటి కంటి గీత సగంలో ఉండగానే ఆయన "ఆపు" అన్నాడు. ఆపాను. నువ్వుగింజంత ఎడమకు జరిగింది. కుడి కన్ను ఎదురుగా చూసేటట్టు పెడితే ఇక అది మెల్లకన్నే. గుడ్డికన్నా మెల్ల మేలని పెద్దలన్నారు గానీ, అది మనుషులకు సంబంధాలు చూసేటప్పుడు అన్న మాట. మెల్ల దేవతను గుళ్లో పెట్టరు. బయట మైకులో నాదస్వరం హోరెత్తుతోంది.

కండ్లాయన దగ్గరికొచ్చి చూశాడు, దూరం జరిగి చూశాడు, దీపం ఎత్తి చూశాడు. కోపం లేదు ఆ ముఖంలో, పని ఉంది.

"రెండోది గుడా అంతే జరుపు," అన్నాడు. "ఒగటి తప్పితే మెల్ల. రెండూ తప్పితే చూపు."

ఎడంచేతి గోటితో రాతి మీద గుర్తు పెట్టాడు. ఆ గోటి వెంబడే ఉలి నడిపాను. పూర్తయింది. ఎదురుగా నిలబడినవాడిని వదిలేసి, అమ్మవారు ఓరగా ఎడమ పక్కకు చూస్తోంది.

తెర తీశారు. అద్దం చూపించారు, టీవీలో ఆవు అంబా అంది. జనం మెడలు చాచి చూశారు. అప్పుడు అధ్యక్షుడు కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. "ఏం కరుణండీ ఆ చూపులో!" అన్నాడు. ముందు వరుసలో ఒకావిడ, అమ్మ తప్పిపోయిన బిడ్డ కోసం వెతుకుతున్నట్టుందని ఏడ్చింది. ఎడమ పక్కన దాతల కుర్చీలు. శెట్టిగారు అందులో మొదటి కుర్చీలో కూర్చుని ఉన్నారు. నన్ను పిలిచి చెవిలో అన్నారు: "ఆచారీ, అమ్మ నన్నే చూస్తాండాది. చెప్పి చేపిచ్చినట్లుంది. నీ రుణం ఉంచుకోను."

నాకు శాలువా కప్పారు, వెండి ఉలి ఇచ్చారు. నేను కళ్లలోకి కరుణ ఎట్లా తెచ్చానో నాలుగు ముక్కలు మాట్లాడమన్నారు. మాట్లాడాను. సిగ్గు లేకుండా పావుగంట మాట్లాడాను. మైకు దించి చూస్తే కండ్లాయన లేడు. వెతుక్కుంటూ పోతే వంటల పందిట్లో, వంటవాళ్లనడిగి తీసుకున్న వేడినీళ్ల గిన్నెలో చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. సాయంత్రం నాలుగయ్యేసరికి మూడు వేళ్లూ కదిలాయి. ఆరింటి లగ్నానికి ఆయన అరటిపండు తొక్క తీసి, గోరంత నార కూడా వదలకుండా ఒలుచుకుని తింటుండగా నేను చూశాను.

తిరుగు ప్రయాణంలో విమానం ఎక్కగానే అక్కడి అమ్మాయిని అడిగాను, మా అన్నకు నా సీటిచ్చి నేను వెనక కూర్చోవచ్చా అని. ఆమె పోయి ఇంకో పెద్దామెను అడిగొచ్చి, అలాగే అంది. రెండు నిమిషాలు పట్టింది. కండ్లాయనను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి కూర్చోబెట్టి, మీటలు చూపించి, వెనక్కిపోయాను. పోయేటప్పుడు కూడా రెండు నిమిషాలే పట్టేది. పదకొండు గంటలు ఇద్దరు భారీ మనుషుల మధ్య కూర్చుని ఆలోచించుకోవడానికి ఆ ఒక్క సంగతి చాలింది.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. ఆ రోజు జనం తీసిన వీడియోలు ఫోన్లలో ఊరూరూ తిరిగాయి. రెండు నెలల్లో బెంగళూరు నుంచి ఒక గుడివాళ్లు వచ్చి ఫోను ముందు పెట్టారు. విగ్రహం ఎట్లున్నా పర్వాలేదు, చూపు మాత్రం ఇదే కావాలన్నారు. ఆ తర్వాత చెన్నై, ఆ తర్వాత పూణె. చివరికి మహానందికి వచ్చిపోయే భక్తులు కూడా దారిలో మా షెడ్డు ముందు కారాపి, "కరుణ చూపు అమ్మవారిని చేసేది ఈడేనా?" అని అడగడం మొదలుపెట్టారు. ఆ చూపు పెట్టడం నాకు రాదు. నేను పెట్టింది తప్పు, తప్పును మళ్లీ అట్లాగే పెట్టడానికి మంచి చెయ్యి కావాలి. కాబట్టి జీవితంలో వంకర గీత గీయని కండ్లాయన, నా తప్పును పీట మీద కూర్చుని, ఆర్డరు వెంబడి ఆర్డరు, అచ్చంగా చెక్కుతూ పోయాడు. గుళ్లవాళ్లు ఒప్పుకోవడంతో ఆ గీత షెడ్డులోనే పెట్టి పంపేవాళ్లం; మామూలుగా అరగంటలో పెట్టేవాడికి ఇది రెండు రోజులు పట్టేది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "ఎందుకన్నా ఇంత ఆలస్యం?"

"సరిగా పెట్టల్లంటే చెయ్యే పెడతాది," అన్నాడు. "తప్పుగా పెట్టల్లంటే నేను కూచోని చూసుకోవాల్సొస్తాంది."

"అయినా భలే వస్తాంది. ఆస్ట్రేలియాలో దానికంటే బాగొస్తాంది. ఫోన్లో చూసి ఇంత బాగా ఎట్ల పట్టినావు?"

ఉలి ఆపాడు. రాతిపొడి ఊది, చాలాసేపు ఆ కంటిని చూశాడు. నా వైపు తిరగలేదు.

"ఫోన్లో చూసి కాదప్పా. తెర వెనకాల 'చెప్పినా' అంటివే ఆ పొద్దు, చెప్పకుండానే. అప్పుడు నువ్వు నన్ను చూడలేక పక్కకు చూస్తివి. ఆ చూపు ఇది. అది తల్చుకుంటే చేతికి అదే వస్తాంది."

మళ్లీ ఉలి ఆనించాడు. నేను అక్కడే నిలబడ్డాను. తప్పయిందన్నా అన్నాను. ఆయన ఊ అన్నాడు, పని ఆపలేదు. ఆ విగ్రహం మరుసటి వారం పూణె పోయింది. అక్కడివాళ్లు ఫోను చేసి, అమ్మ కళ్లలో కరుణ చూసి జనం ఏడుస్తున్నారని చెప్పారు.